తలుపుకు టైము తెలియదు

జనవరి 1, 1970. 00:41

ఇవాళ జనవరి ఒకటి కాదు. 1970 అంతకన్నా కాదు. అప్పటికి మా అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ కూడా పుట్టి ఉండదు. పై తేదీ వేసింది తలుపు యంత్రం. ఈ లాగ్‌లో నేనేం రాసినా తేదీ, టైము అదే వేస్తుంది, దిద్దే అధికారం నాకు లేదు. టైము తెలియని యంత్రం లేస్తూనే పట్టుకునే తేదీ ఇది. ఇవాళ మే పందొమ్మిది అని ఈ పాతరలో పసిపిల్లలకు కూడా తెలుసు. దీనికొక్కదానికే తెలియదు.

నా పేరు సుంకమ్మ. నల్లరాళ్ల పాతరకు, అంటే నేల కింద మా నూరిళ్ల ఊరికి, తలుపు కాపరిని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది.

మా తమ్ముడు మద్దిలేటి నడిమి గదిలో ఇరుక్కుపోయాడు.

బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య మంచం పట్టేంత గది అది. వేసవంతా మేం నేల కిందే కదా, బయటికి పోయినవాడు లోపలికి వచ్చేటప్పుడు వెంట ఎండ రాకుండా కట్టారు. రెండు తలుపులూ అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకానే తెరుచుకుంటాయి. పొద్దుగూకినా రాళ్లు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి మరి. మద్దిలేటి రాత్రి, మాకు కబుర్లూ టైమూ తెచ్చే టవర్ బాగుచేయడానికి పోయాడు. అందులో కార్డు మాడిపోయిందని చూసి, కొత్త కార్డు కోసం ఐదు కాకముందే తిరిగొచ్చాడు. బయటి తలుపు తెరిచింది, మూసింది. లోపలి తలుపు రోజూలాగే నిదానం చేసింది.

వాడికి ఓపిక ఎక్కడిది? గోడకున్న రీస్టార్ట్ స్విచ్ నొక్కాడు. మా జనానికి ఫ్యాను మొరాయించినా, పంపు మొరాయించినా తెలిసిన వైద్యం ఒకటే, ఆపి మళ్లీ వేయడం.

తలుపు నిద్ర లేస్తూ టైము అడుగుతుంది. లేచేటప్పుడు ఒక్కసారే అడుగుతుంది, మళ్లీ అడగదు. ముందు టవర్‌ని అడుగుతుంది. టవర్ పలికితే ఆ ఒక్క మాట చాలు. పలక్కపోతే అరగంట కాచుకుని, అప్పుడు వంటింటి యంత్రాన్నీ నీళ్ల పంపు యంత్రాన్నీ అడుగుతుంది. ఆ రెండింటి మాట కలిస్తే నమ్ముతుంది, లేకుంటే లేదు. టైము నమ్మకపోతే ఎవరి తాళంచెవీ చెల్లదు. నా తాళం ఈ ఒక్క సంవత్సరానికే చెల్లేలా రాసి ఉంది. తలుపు లెక్కలో అది ఇంకా పుట్టనే లేదు.

టవర్ చచ్చి పడి ఉంది. మిగతా రెండింటి మాట కలవలేదు.

"అక్కా, తెర్సు," అన్నాడు మైకులో.

"ఎట్ల తెర్సేదిరా, నువ్వు సేసిన పనికి?"

"నేనేం సేసినా? స్విచ్ నొక్కినా, అంతే కదా."

"అదే నువ్వు సేసింది!"

నవ్వాడు వెధవ. వాడికింకా అర్థం కాలేదు. నడిమి గదికి చలువ గాలి లేదు. నాలుగేళ్ల కిందట పొద్దెక్కాక ఇద్దరు ఇదే గదిలో చిక్కుకున్నారు. రాత్రి తలుపు తెరిచాక ఇద్దర్నీ దుప్పట్లలో చుట్టి తీశాం. వాళ్లను మోసిన నలుగురిలో మద్దిలేటి ఒకడు.

జనవరి 1, 1970. 03:05

గడ్డపారతో ప్రయత్నించాం. తలుపు మీద గీత కూడా పడలేదు. నా తాళం మళ్లీ మళ్లీ పెట్టి చూశాను. "టైము తెలియదు" అని చల్లగా చెబుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మద్దిలేటి దగ్గర సగం సీసా నీళ్లున్నాయి. బయటి తలుపులో అరచేయంత అద్దం ఉంటే, దానికి చొక్కా అడ్డం కట్టుకున్నాడు.

"ఎట్లుండావురా?"

"పెనం మీద దోసె ఎట్లుంటాదో అట్లుండా."

వంటింటి పెద్ద హుసేనమ్మనూ, పంపు చూసే ఓబులేసు మామనూ తలుపు దగ్గరికి పిలిపించాను. వాళ్ల యంత్రాలు వాళ్ల వేలిముద్రకు తప్ప మరెవరి మాటా వినవు. లేకుంటే ఈ బతిమాలుకోవడాలు నాకెందుకు?

వంటింటి గడియారం అరగంట ముందుంటుంది. గంట కొట్టగానే మగవాళ్లు రారని, సంగటి చల్లారిపోతుందని హుసేనమ్మ ఏనాడో దాన్ని ముందుకు తోసింది. పంపు గడియారం అరగంట వెనకుంటుంది. పంపు ఆగే టైముకి చివరి వీధి బిందెలు నిండవని ఓబులేసు మామ దాన్ని వెనక్కి లాగాడు. ఇది అందరికీ తెలుసు. కూడు ముందు, నీళ్లు వెనక అని మనసులో సర్దుకుని బతుకుతున్నాం. నాకూ తెలుసు. టవర్ ఉంది కదా, తలుపు దాని మాటే వింటుంది కదా అని నేనూ ఊరుకున్నాను.

"ఇద్దరూ ఒకే టైము పెట్టండి," అన్నాను.

"పెడతాం. ఎవురిది?" అంది హుసేనమ్మ.

"నాది పెట్టుకో," అన్నాడు ఓబులేసు మామ.

"నీదా? నీ గడియారం ఎప్పుడన్నా నిజం సెప్పిందా? నీళ్లు పట్టుకునేకి పోతే నిన్నటి టైము సూపిస్తాది."

"నీది రేపటిది సూపిస్తాది కదమ్మా. ఆకలి గాకముందే గంట కొడతావు."

"కొడితేనే వస్తాండారా మీరు? పిలిసి పిలిసి నా గొంతు పోయె!"

ఎవరి యంత్రం ఎంత చూపిస్తోందో నిమిషాలతో సహా ఒకరి ముఖాన ఒకరు అరుచుకున్నారు. ఎన్నేళ్ల కోపమో అది. పోయిన ఏడు ఎవరి బిందె తన్నారో, ఎవరి బువ్వలో ఉప్పెక్కువైందో అన్నీ బయటికొచ్చాయి. చుట్టూ చేరిన జనం సినిమా చూసినట్టు చూస్తున్నారు.

నేను అరిచాను. "లోపల మనిషి ఉడికిపోతాంటే మీకు గడియారాలు కావల్సి వచ్చెనా? సిగ్గుండాదా మీకు? వాడు సస్తే మీ ఇద్దరి ఇండ్ల ముందర పడేస్తా!"

అనకూడని మాట. అన్నాను. ఇద్దరూ తలొంచుకుని చెరో దారిన వెళ్లిపోయారు. ఏం చేస్తామని చెప్పలేదు. ఏం చేస్తారని నేను అడగలేదు. కాసేపు ఆగి, మద్దిలేటిని స్విచ్ నొక్కమన్నాను.

జనవరి 1, 1970. 02:10

మళ్లీ జనవరి ఒకటే. తలుపు లేచింది, అడిగింది, "టైము కలవలేదు" అంది.

మద్దిలేటి, "కాలేదా అక్కా?" అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు. అప్పుడు భయపడ్డాను. అంతకుముందు పడింది కంగారు మాత్రమే.

ఇద్దరిలో ఒకరు మొండికేశారనుకున్నాను. ముందు వంటింటికి పరిగెత్తాను. హుసేనమ్మ పొయ్యి దగ్గర లేదు. గడియారం ముందు కూర్చుని ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని.

"మార్సలేదు కదూ నువ్వు?"

"అల్లా తోడు, మార్సినా సుంకమ్మా. నా మాట ఎందుకులే అని ఆయప్పది ఎంతుండాదో అంతే పెట్టినా. గంట ఎనక్కి జరిపినా."

అక్కణ్నుంచి పంపు దగ్గరికి. మనిషి చెమటలు కక్కుతున్నాడు.

"మామా, నిజం సెప్పు. మార్సినావా లేదా?"

"మార్సకుండా ఉంటానా? ఆయమ్మ పట్టుపడితే ఇడిసే రకం కాదు. పంతానికి పోతే పిల్లోడు పోతాడని నేనే దిగొచ్చినా. గంట ముందుకు నూకినా."

వేళ్ల మీద లెక్క కట్టాను. ఇది ముందుకు పోయింది, అది వెనక్కి వచ్చింది. హుసేనమ్మ టైము ఓబులేసు దగ్గర, ఓబులేసు టైము హుసేనమ్మ దగ్గర. మధ్యలో ఆ గంట తేడా అట్లాగే ఉంది. ఎన్నడూ ఒకరి మాట ఒకరు వినని మనుషులు, వినక వినక ఇవాళే విన్నారు. అదీ చెప్పకుండా విన్నారు. చెబితే చిన్నతనం.

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఓబులేసు మామ నన్ను చూసి తనూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇదంతా కనుక్కునేసరికే బోలెడు పొద్దు పోయింది. మద్దిలేటి నీళ్లయిపోయాయి. మైకులో పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గానీ పలకడం లేదు.

ఈసారి ఎవరినీ నమ్మదలచుకోలేదు. నేను తలుపు దగ్గర కూర్చుని, పాతర లోపలి తీగ ఫోన్లు రెండు తీసుకుని, ఒక చెవికి ఆమెను, ఒక చెవికి ఆయన్ను పెట్టుకున్నాను. నా చేతి గడియారం చూసి అసలు టైము ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. ఇద్దరితో పైకి చదివించాను. మళ్లీ చదివించాను.

"కలిసిందా?"

"కలిసింది," అన్నారిద్దరూ.

"మద్దిలేటీ, నొక్కు నాయనా."

చాలాసేపటికి టక్కుమంది.

మే 19. 13:20

తలుపుకు టైము తెలిసింది!

పైన తేదీ చూడండి. జనం కేకలు పెట్టారు. ఎవరో నా వీపు మీద కొట్టారు. నేను తాళం తీసి పెట్టాను. పచ్చదీపం వెలిగింది. నా తాళం పుట్టింది, బతికింది, చెల్లింది.

తలుపు తెరుచుకోలేదు.

"ఇది ఎండ పూట. అర్ధరాత్రి వరకు తలుపు తీయబడదు," అంది.

నా తల నేను బాదుకున్నాను. తలుపు కాపరిని నేను! అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా అని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది నేను! టైము, టైము అని పరిగెత్తడంలో, ఆ టైము తెలిస్తే అది చేసేది ఏమిటో మర్చిపోయాను. దానికి నిజం చెప్పాం. మిట్టమధ్యాహ్నం అని చెప్పాం. అది దాని పని చేసింది.

అర్ధరాత్రికి ఇంకా ఎంతో ఉంది. నాలుగేళ్ల కిందట ఆ ఇద్దరూ అర్ధరాత్రి దాకా ఆగలేదు.

"అక్కా," అన్నాడు. "తెర్సుకుందా?"

"తెర్సుకుంటాది. ఉండు."

"ఉండలేను అక్కా. కండ్లు కనపడల్యా."

ఓబులేసు మామ అప్పటికే పంపు వదిలి తలుపు దగ్గరికి వచ్చి ఉన్నాడు, ఆయన వైపు చూశాను. ఆయన నేనేం అనబోతున్నానో కనిపెట్టేశాడు.

"అర్ధరాత్రి అని సెప్దామంటావా?" అన్నాడు మెల్లగా.

"ఇద్దరూ అదే సెప్తే నమ్ముతాది కదా మామా."

"నమ్ముతాది. అదేమ్మా కష్టం." ఆయన నేల మీద కూర్చున్నాడు. "ఇప్పుడు అర్ధరాత్రి అని సెప్తే, దాని రాత్రంతా మన మధ్యాన్నమే. మన సాయంత్రానికి దానికి తెల్లారి మూసుకుంటాది. మనకు రాత్రయి బయట సల్లబడేటప్పటికి దానికి మిట్టమధ్యాన్నం. అప్పుడు సచ్చినా తెరవదు. టవర్ కాడికి ఎవరు పోతారు? ఎట్ల పోతారు?"

"మళ్లీ స్విచ్ నొక్కితే?"

"స్విచ్ యాడుండాది? ఆ గదిలోనే కదా. లోపలి తలుపు మూస్తేనే అది పని సేస్తాది. అంటే ఇంగొకడు మన మధ్యాన్నం పూట ఆ గదిలోకి పోయి తలుపేసుకోవల్ల. ఒక రాత్రి ఎనకాలే ఇంగో రాత్రి అంటే అది నమ్మదు, నిజం టైము పెట్టి మళ్ల అర్ధరాత్రి దాకా ఆడనే ఉడకల్ల. ఎవర్ని పంపుతావు?"

ఇదంతా నాకు తెలుసు. పెద్దాయన నోటితో వింటే తప్ప తలకెక్కలేదు. వానలు పడి చల్లబడేదాకా నూరిళ్ల వాళ్లం బయటి గాలి చూడలేం. టవర్ లేకుండా ఎవరి కబురూ మాకు రాదు, మా కబురు ఎవరికీ పోదు.

ఫోనులో హుసేనమ్మ గొంతు వినిపించింది. "నేను పెట్టేసినా సుంకమ్మా. అర్ధరాత్రి దాటినాక అరగంట. తలుపు లేసేసరికి ఎంతయితే అంత. ఓబులేసూ, నువ్వు కూడా పెట్టు. పో, లెయ్."

ఓబులేసు మామ లేచాడు. ఆమె మాటకు ఎదురు చెప్పకుండా ఆయన లేవడం నేను చూడటం అదే మొదలు.

ఆయన పంపు దగ్గరికి చేరాక ఇద్దరిచేత ఫోనులో టైము చదివించాను. కలిసింది. ఇక మిగిలింది స్విచ్.

"మద్దిలేటీ. ఇంగొక్కసారి నొక్కల్ల."

మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను.

"రేయ్. మద్దిలేటీ!"

"సేతకాదక్కా. పండుకున్నా. స్విచ్ పైన యాడో ఉండాది."

బతిమాలాను. వినలేదు. దేవుళ్ల మీద ఒట్టు పెట్టాను. వినలేదు. అప్పుడు తిట్టాను. వాడు పుట్టినప్పట్నుంచి నేను మింగిన తిట్లన్నీ తిట్టాను. సోమరిపోతువన్నాను. నువ్వు నొక్కమన్నప్పుడు నొక్కవు, వద్దన్నప్పుడు నొక్కుతావన్నాను. పొద్దున్నే ఎవురు నొక్కమన్నారురా నిన్ను, ఇప్పుడు నొక్కేకి ఏం రోగమన్నాను. జనం ముందు, మైకు పట్టుకుని, ఏడుస్తూ తిట్టాను.

లోపల ఏదో గోడకేసి రాసుకున్న చప్పుడు. మళ్లీ కింద పడిన చప్పుడు.

"తిట్టొద్దులే," అన్నాడు. "లేస్తాండా."

స్విచ్ టక్కుమంది. తలుపు నిద్రలోకి పోయింది. అది టవర్ కోసం కాచుకునే అరగంట నేను తలుపుకు చెంప ఆనించి కూర్చున్నాను. ఇనుము ఇటువైపు కూడా వెచ్చగా తగిలింది.

మే 20. 01:40

బతికాడు.

తలుపు అర్ధరాత్రి అనుకుని తెరుచుకుంది. కొలిమి మూత తీసినట్టు వేడి మా ముఖాల మీద కొట్టింది. ఇద్దరు కుర్రాళ్లు తడి గోనెలు కప్పుకుని దూకి వాడిని ఈడ్చుకొచ్చారు. ఒళ్లంతా కాలిపోతోంది, చెమట లేదు. తడిగుడ్డల్లో చుట్టి విసిరాం. హుసేనమ్మ ఒడిలో తల పెట్టుకుని చెంచాతో ఉప్పు నీళ్లు పోసింది. ఓబులేసు మామ ఏ వీధినీ అడక్కుండా పంపు వదిలేశాడు.

చాలాసేపటికి కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఎన్ని తిట్లు నేర్సుకున్నావక్కా," అన్నాడు.

చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు, ముద్దు పెట్టుకున్నాను.

పైన తేదీ మే ఇరవై, అర్ధరాత్రి దాటిందట. నిజానికి ఇది పందొమ్మిది, సాయంత్రం ఇంకా కాలేదు. దిద్దను. ఇకమీదట ఈ లాగ్‌లో ఉండేది ఈ టైమే.

మే 23. 13:00

తలుపు లెక్కలో ఇది నడి పగలు. మా లెక్కలో తెల్లవారుజాము కావస్తోంది. జనం నిద్రలో ఉన్నారు. నాకూ మద్దిలేటికీ ఈ మధ్య నిద్ర పట్టడం లేదు. తలుపు దగ్గర కూర్చుని ఉన్నాం.

బయటి తలుపు మీద ఎవరో కొట్టారు.

బయటి మైకు పనిచేస్తుంది. "ఎవురు?" అన్నాను.

"నేనమ్మా, మౌలాలిని. పడమటి పాతర." మౌలాలి అక్కడి పెద్ద, అక్కడి తలుపు కాపరి కూడా. డెబ్బై దాటిన మనిషి. "మీ టవర్ పలకల్యా. ఏమాయనో ఏమో అని అర్ధరాత్రి తలుపు తీస్తానే బయల్దేరినాం, నలుగురం. టవర్ కూడా సూసినాం. కార్డు మాడిపోయింది. మీ కాడ కొత్తదుంటే ఇయ్యి, పోతా పోతా ఏసి పోతాం."

కార్డు నా పక్కనే బల్ల మీద ఉంది. వాళ్లకూ నాకూ మధ్య రెండు తలుపులు. మధ్యాహ్నం తలుపు తెరిచినప్పుడు బయట పెట్టి ఉంచుదామంటే ఆ రాళ్ల వేడికి ఇదీ మాడిపోతుంది.

"పెద్దాయనా, తలుపు తెర్సుకోదు."

"చెడిపోయిందా?"

"లేదు. బాగుండాది. దానికి ఇప్పుడు మిట్టమధ్యాన్నం."

ఆయనకు అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? "మల్ల ఎప్పుడు తెరుస్తాది? రేపొస్తాం."

"మీరు రావల్లంటే మిట్టమధ్యాన్నం రావల్ల."

బయట నలుగురూ గుసగుసలాడుకున్నారు. మే నెల మధ్యాహ్నం ఆ రాళ్ల మీద ఎవరు నడుస్తారు? నేను మొత్తం చెప్పాను. స్విచ్ నొక్కిన సంగతి, రెండు గడియారాలూ తారుమారైన సంగతి, నిజం చెబితే తెరవలేదని మేం అబద్ధం చెప్పిన సంగతి. తలుపు కాపరిని, తలుపుకే అబద్ధం చెప్పాను. ఇంకో కాపరికి ఆ మాట చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టయింది.

మౌలాలి అంతా విన్నాడు.

"పిల్లోడు బతికినాడా?" అన్నాడు.

"బతికినాడు."

"అయితే ఇంగేమ్మా. మేం రాత్రికి రాత్రి ఇంత దూరం నడిసొచ్చింది మీరు బతికినారా లేదా సూసేకే కదా. సూసినట్టే. ఇంగ పోతాం, ఐదు లోపల సేరుకోవల్ల. వానలు పడినాక వస్తాం."

మద్దిలేటి నా చేతిలో మైకు లాక్కున్నాడు. సారీ చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"పెద్దాయనా," అన్నాడు. "బయట ఎట్లుండాది?"

"ఎట్లుండేదేముంది నాయనా. రాళ్లు సల్లారినాయి. తూరుపు గాలి తిరిగింది. సల్లగుండాది."

నాలుగు జతల చెప్పుల చప్పుడు దూరమైంది. మద్దిలేటి మైకు ఆపలేదు. నేనూ ఆపమనలేదు. బయట గాలి దాని పాటికది తిరుగుతూ ఉంటే ఇద్దరం తలుపు దగ్గర కూర్చుని వింటున్నాం.